మానేయి బిడ్డా, కాగితాలు చేతికొచ్చినాక మానేయి

చిరంజీవి బిడ్డకు,

నువ్వు ఉద్యోగం మానేద్దామనుకుంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చెప్పడం కాదు, ఏడ్చింది. "చేరి రెండేళ్లన్నా కాలేదు, జడ్చర్లలో అందరికీ చెప్పుకున్నాం, ఇప్పుడేమనాలి బావా?" అంటుంది. ఆమెకు సర్దిచెప్పి ఫోన్ పెట్టేశాను గానీ, రాత్రంతా నాకూ నిద్ర పట్టలేదు.

కానీ ఒకటి చెప్పనా? లోపల సంతోషం కూడా అయింది. మన ఇంట్లో "ఈ పని నాకొద్దు" అనగలిగిన మొదటి మనిషివి నువ్వే. మీ తాత శ్రీశైలం డ్యాం పనికి పోయింది గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకునే. అది తీరేదాకా కదలడానికి లేదు. జ్వరమొచ్చినా, ఊళ్లో చావు జరిగినా అంతే. పాలమూరు లేబర్ బతుకంతా ఆ అడ్వాన్సు చుట్టే తిరిగింది. వెట్టిచాకిరీని రద్దు చేస్తూ 1976లో చట్టమొచ్చిన సంగతి మీ తాతకు చెప్పినవాళ్లు లేరు.

అందుకే కొత్త కంపెనీ జాయినింగ్ బోనస్ ఇస్తానంటోందని మీ అమ్మ అనగానే నాకు గుండె దడ పట్టుకుంది. ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలని రాసి ఉంటుంది, చూసుకో. నా లెక్కలో అదీ అడ్వాన్సే. పైగా పన్ను కోసుకుని నీ చేతికిస్తారు, తిరిగి అడిగేటప్పుడు మొత్తం అడుగుతారేమో కూడా చదువు. తీసుకోవద్దని అనను. ఆ గడువు దాటేదాకా ముట్టుకోకుండా బ్యాంకులో పడేయి. దాన్ని చూసుకుని కొత్త ఫోన్‌కు ఈఎంఐ పెట్టావంటే మాత్రం నాతో మాట్లాడకు.

ఇక ఎప్పుడు మానాలనే సంగతి. హాజరు లెక్కలు చూసే టైమ్ ఆఫీసులో కూర్చుని నేను చూసిన రాజీనామాల్లో ఎక్కువ ఇంక్రిమెంట్ లెటర్లు పంచిన వారంలో వచ్చినవే. నెల తిరక్కుండానే "సార్, ఆ కాగితం చింపేయండి" అని కొందరు మళ్లీ వచ్చేవాళ్లు. మేనేజర్ నలుగురిలో అరిచాడని మానేయడం ఒకటి, ఆర్నెల్లుగా కొత్తగా నేర్చుకున్నదేం లేదని మానేయడం ఒకటి. నీది రెండోదైతే ఏడాదిన్నర తక్కువేం కాదు, పో. మొదటిదైతే ఇంకో నెల ఆగి చూడు. అప్పటికీ పొద్దున్నే బస్సెక్కాలంటే కడుపులో తిప్పినట్టుంటే, అప్పుడూ పో. ఒంటిని పాడుచేసుకుని చేసే ఉద్యోగం మనకొద్దు.

మానేసేటప్పుడు కంపెనీ ఇచ్చే గ్రాట్యుటీకి ఐదేళ్లు నిండాలి, అందాకా ఆగమని మీ మామ సలహా ఇచ్చాడట. నీ బేసిక్ 20,000 అనుకుందాం. దాన్ని 15తో గుణించి 26తో భాగిస్తే ఏడాదికి వచ్చేది 11,538 రూపాయలు. ఐదేళ్లకు 58 వేలు కూడా లేదు. దీనికోసం మూడున్నరేళ్లు కూర్చుంటావా?

ఆఫర్ లెటర్ చేతిలో లేకుండా రాజీనామా పెట్టకు. నోటీసు ముప్పై రోజులా, తొంభై రోజులా అన్నది అపాయింట్‌మెంట్ లెటర్‌లో చూడు. రాజీనామా మెయిల్‌లో పెట్టు, అందిందని జవాబు తెప్పించుకో. రిలీవింగ్ లెటర్, జీతం స్లిప్పులు, జీతంలో పన్ను కోసినట్టు ఇచ్చే ఫారం 16 నీ సొంత మెయిల్‌కు పంపుకో.

పీఎఫ్ గురించి మాత్రం కాస్త ఓపికగా చదువు. మీ చిన్నాయన కథ నీకు సగమే తెలుసు. మొదట స్పిన్నింగ్ మిల్లులో ఆరేళ్లు చేశాడు. సూపర్‌వైజర్‌తో గొడవపడి, చెప్పకుండా పోవడం మానేశాడు. పీఎఫ్ డబ్బులు తీసుకునేటప్పుడు ఫారం 19తో పాటు ఫారం 10సి కూడా నింపాడు. మొదటిది పీఎఫ్‌కు, రెండోది పింఛను వాటాకు. నేను వద్దన్నాను. "ఇంకో కంపెనీలో చేరతావు, డబ్బుకు బదులు సర్వీసు సర్టిఫికెట్ తీసుకుని పెట్టుకో, ఈ ఆరేళ్లు అక్కడ కలుస్తాయి" అన్నాను. "యాభై ఎనిమిదేళ్లకు వచ్చే పింఛను ఇప్పుడెవడికి కావాలన్నా" అని బండి కొన్నాడు. ఎర్ర బండి. దాని మీద నిన్ను కూడా మన్యంకొండ జాతరకు తీసుకుపోయాడు, నీకు గుర్తుండదు.

తర్వాత ఇంకో ఫ్యాక్టరీలో ఎనిమిదేళ్లు చేశాడు. అది మూతపడింది. పింఛనుకు పదేళ్ల సర్వీసు ఉండాలి. కలిపి లెక్కేస్తే పద్నాలుగు, కానీ మొదటి ఆరేళ్లు బండికి పోయాయి. యాభై ఎనిమిది నిండిననాడు పాత కాగితాలన్నీ సంచిలో వేసుకుని నా దగ్గరికొచ్చాడు. ఆ సంచి నేను విప్పలేదు. అందులో ఏముందో ఇద్దరికీ తెలుసు. పింఛను పెద్దదేం కాదు, కనీసం నెలకు 1,000 రూపాయలు. కానీ మనిషి పోయినా భార్యకు వచ్చేది. మీ చిన్నమ్మకు మోకాళ్ల మందులకన్నా అక్కరకొచ్చేది.

ఇప్పుడు నీకు యూఏఎన్ ఉంది, అంటే ఏ కంపెనీకి పోయినా మారని పీఎఫ్ నంబరు, అప్పటి తిప్పలు లేవు. కొత్త కంపెనీకి ఆ నంబరే ఇవ్వు, రెండోది పుట్టనియ్యకు. పాత కంపెనీ నువ్వు మానేసిన తేదీ ఎక్కించిందో లేదో చూసి, డబ్బు ట్రాన్స్‌ఫర్ పెట్టు. ఐదేళ్లు నిండకుండా తీసుకుంటే పన్ను కూడా పడుతుంది. పెళ్లికైనా సరే, ముట్టుకోకు. పెళ్లికి నేనున్నాను.

ఇంకొకటి, ఇది నా పిరికితనమనుకో. మీ నాయిన షుగర్ నీ కంపెనీ ఇన్సూరెన్సు మీద నడుస్తోంది. ఆఫీసులో నీ ఆఖరి రోజుతో ఆ కార్డు చెల్లదు. కొత్తవాళ్లు తల్లిదండ్రులకు ఇస్తారా, ఏ రోజు నుంచి ఇస్తారో అడుగు. ఇవ్వకపోతే విడిగా పాలసీ తీసుకోవాలి, పాత జబ్బులకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. మీ నాయిన ఇవన్నీ నీకు చెప్పడు, మొహమాటం.

ఆదివారం వస్తున్నావట కదా. అపాయింట్‌మెంట్ లెటరూ, ఆఫర్ లెటరూ ప్రింట్ తీసుకుని రా. ఫోన్‌లో అంత చిన్న అక్షరాలు నాకు కనపడవు. ఈలోపు మీ అమ్మతో వాదన పెట్టుకోకు, ఆమెతో నేను మాట్లాడతాను.

మీ పెద్దనాయిన