ఏటి గట్టున మొక్కలు వేసే ముందు

బుజ్జీ, శ్రీకాకుళంలో నాగావళి గట్టున నువ్వూ నీ ఫ్రెండ్సూ మొక్కలు నాటతారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. చాలా గర్వంగా అనిపించిందమ్మా, కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అందుకే రాస్తన్నాను. గోతులు, ఎరువు, మేకలు మెయ్యకుండా కంచె, ఇవన్నీ నీకు చెప్పక్కర్లేదు. ఎక్కడ నాటతారన్నదే నా భయం.

మన ఊరి గెడ్డ సంగతి నీకు తెలీదు, నువ్వప్పటికి పుట్టలేదు. రెల్లూ తుంగా బలిసిపోయి చూడ్డానికి బాలేదని మిషన్ పెట్టి మొత్తం గీకించేసి, నీళ్లు పారే చోటే వరసగా సరుగుడు వేయించారు పెద్దలు. కొన్నేళ్లకి ఏపుగా ఎదిగితే అందరూ మెచ్చుకున్నారు. తర్వాత ఒక తుపానుకి గెడ్డ పొంగింది చూడు, గడ్డి లేని గట్టు కోసుకుపోయి, వేర్లు బయటపడి, చెట్లు ఒక్కోటీ ఒరిగి కొట్టుకొచ్చి కల్వర్టు తూముల దగ్గర అడ్డం పడ్డాయి. వాటికి గడ్డీ, గుర్రపుడెక్కా, ప్లాస్టిక్ కవర్లూ, ఎవరిదో నులక మంచమూ వచ్చి చిక్కుకుని గోడ కట్టేసినట్టయింది. కల్వర్టుకి ఇవతల మనిషికి గుండెల్లోతు నీళ్లు, అవతల మోకాలు కూడా తడవట్లేదు! పల్లపు వీధిలోకి మళ్లింది నీరంతా. మీ నానమ్మ గాదెలో ధాన్యం నానిపోయి మొలకలొచ్చేసింది, ఆవిడ గుప్పిట్లోకి తీసుకుని చూసుకుంటా ఏడుస్తుంటే నేను పక్కనే ఉన్నాను.

రెల్లు, తుంగ వరదొస్తే వంగి పడుకుంటాయి, నీళ్లు పైనుంచి పోతాయి, కింద మన్ను నిలుస్తుంది. బిరుసు కాండం వంగదు. ఇంజనీర్లు నీటి వేగం కట్టడానికి వాడే మానింగ్ లెక్కలో గరుకుదనానికి ఒక అంకె వేస్తారు, శుభ్రమైన కాలువకి 0.03 వేస్తే దట్టమైన పొదలకి 0.1 దాకా వేస్తారు, అంటే అదే లోతులో నీటి వేగం మూడో వంతుకి పడిపోతుంది, దాంతో మట్టం పెరుగుతుంది. ఊరికి ఎగువన, పొలాల పక్కన అలా ఆగితే మంచిదే, వరద కాస్త ఆలస్యంగా, కాస్త తగ్గి ఊళ్లోకొస్తుంది. కానీ శ్రీకాకుళం టౌన్లో రెండు పక్కలా ఇళ్లు, మధ్యలో వంతెనలు, అక్కడ ఆగితే ఇళ్లల్లోకే కదా!

అందుకని ఇసుక దిబ్బల మీద ఏమీ వెయ్యకండి, సర్కారు తుమ్మ కనబడితే వేరుతో సహా తీయించండి. నీటి అంచున వట్టివేరు దగ్గర దగ్గరగా వరసలు పెట్టండి, దాని వేరు మూడు మీటర్ల దాకా దిగుతుంది. గట్టు పైన, అంచుకి బాగా వెనక్కి, కానుగ, నేరేడు, తెల్లమద్ది. 2018లో తిత్లీ తుపానుకి ఉద్దానంలో కొబ్బరి చెట్లు ఎలగ కూలాయో నీకు తెలుసు, గట్టు అంచున పెద్ద చెట్టు కూలితే వేళ్లతో గట్టునీ పెళ్లగించేస్తుంది.

ఇంకోటి, నువ్వు పంపిన ఫొటోలో ఏటి మధ్య దిబ్బ మీద చెప్పులేసుకుని నవ్వుతున్నావు, ఏటమ్మా ఆ ధైర్యం? మనకిక్కడ ఎండ కాస్తున్నా ఒడిశాలో రాయగడ వైపు కురిస్తే ఎగువన తోటపల్లి బ్యారేజీ గేట్లెత్తుతారు, నీరొచ్చేస్తుంది. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా దిగొద్దు, ఒట్టు. మిగతా రోజుల్లోనూ నీళ్లు వదిలారో లేదో కనుక్కోకుండా ఎవర్నీ దించకు, మీ అమ్మకి ఒక్కదానివే.

కానుగ మొక్కలు కవర్లలో పెంచుతున్నాను, ఆదివారం ఆటో పంపించు. నేనూ వస్తాను, గట్టు మీద కుర్చీ వెయ్యండి చాలు, ఏది ఎక్కడ నాటాలో కూర్చుని చెప్తాను.

మీ పెదనాన్న