గ్రిట్స్‌కి ఉప్మా చెయ్యి పనికిరాదు

"అక్కా, ఆదివారం పక్కింటివాళ్ళని బ్రంచ్‌కి పిలిచాం. చీజ్ గ్రిట్స్ చేద్దామనుకుంటున్నా. తెల్లరవ్వ ఉప్మాలాగే కదా?"

కాదు చెల్లీ. రవ్వలా కనబడుతుంది కాబట్టి అందరం అక్కడే బోల్తా పడతాం. గ్రిట్స్ అంటే ఎండు మొక్కజొన్న నూక. దాని చుట్టరికం ఉప్మాతో కాదు, సంకటితో. మా కరీంనగర్ వైపు మక్క గటక తిన్నవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. పైగా నువ్వు దిగింది అమెరికాలోని జార్జియాలో. 2002లో గ్రిట్స్‌ని అధికారిక వంటకంగా ప్రకటించుకున్న రాష్ట్రమిది. అయిదు నిమిషాల్లో దించేసి పెడితే ఇట్టే పట్టేస్తారు.

ఇన్‌స్టంట్ పొట్లాలు కొనకు. క్విక్ గ్రిట్స్ ఆఫీసు రోజులకి ఫరవాలేదు. బ్రంచ్‌కి మాత్రం స్టోన్ గ్రౌండ్, అంటే తిరగలి రాళ్ళతో విసిరినవి, అని రాసి ఉన్నవి తెచ్చుకో. వాటిలో గింజలోని అంకురం కూడా ఉంటుంది. అందుకే రుచి, అందుకే తొందరగా కనరు వాసన పడుతుంది కూడా. మిగిలింది ఫ్రీజర్లో పెట్టు.

ఒక కప్పు గ్రిట్స్‌లో నీళ్ళు పోసి కలిపితే పొట్టు పైకి తేలుతుంది, వంచెయ్యి. అడుగు మందం గిన్నెలో మూడు కప్పుల నీళ్ళు, కప్పున్నర పాలు, చెంచాడు ఉప్పు వేసి మరగనిచ్చి, ఒక చేత్తో గ్రిట్స్ కొంచెం కొంచెంగా వేస్తూ రెండో చేత్తో విస్క్ (తీగల గరిటె) తిప్పు. చిక్కబడేదాకా చెయ్యి ఆపకు. తర్వాత మంట బాగా తగ్గించి, మూత ఓరగా పెట్టి, అయిదేసి నిమిషాలకోసారి అడుగు తగిలేలా కలుపు. ముప్పావుగంటైనా పడుతుంది. గట్టిపడితే వేడినీళ్ళే పొయ్యి. బుడగ గుప్పున పగిలి చేతిమీద పడిందంటే బెల్లం పాకంలా అతుక్కుని కాలుతుంది. నా మణికట్టు మీద మచ్చ ఇంకా ఉంది, పొడుగు గరిటె వాడు. నాలుక్కి పలుకు తగలకపోతే ఉడికినట్టే.

చీజ్ దగ్గర నేనూ దెబ్బతిన్నాను. తురిమి అమ్మే ప్యాకెట్ తెచ్చి, పొయ్యి మీద ఉండగానే గుమ్మరించా. నూనె వేరు, ఉండలు వేరు! ఆ తురుము అంటుకోకుండా పిండిపదార్థం లాంటిదేదో చల్లుతారు, అది సాఫీగా కరగదు. షార్ప్ చెడ్డార్ (ఘాటు రుచి ఉండే చీజ్) ముక్క కొని ఇంట్లోనే తురుము, ఒక కప్పు చాలు. స్టవ్ ఆపి, రెండు చెంచాల వెన్న కలిపి, తర్వాత చీజ్ పిడికెడు పిడికెడుగా వెయ్యి. గరిటె ఎత్తితే రిబ్బన్‌లా జారాలి. ప్లేటులో ఇంకాస్త బిగుస్తుంది కాబట్టి కొంచెం జారుగానే దించు. మీరు శాకాహారులైతే రెన్నెట్, అంటే చీజ్ కోసం పాలు విరగ్గొట్టే పదార్థం, ఏ రకమో ప్యాకెట్ మీద చూసి కొను, కొన్నిటిలో దూడ కడుపులోంచి తీసింది వాడతారు.

బల్ల మీద మిరియాల పొడి పెట్టు, పంచదార పెట్టకు. ఇక్కడ చాలామందికి గ్రిట్స్‌లో పంచదారంటే మనకి పెరుగన్నంలో చక్కెర కలిపినంత చిరాకు. పచ్చిమిర్చి తాలింపు పెట్టాలని నీ చెయ్యి లాగుతుంది, నాకు తెలుసు. పక్కన చిన్న గిన్నెలో పెట్టు.

మిగిలింది పళ్ళెంలో పరిచి ఫ్రిజ్‌లో పెడితే తెల్లారేసరికి గడ్డకడుతుంది. ముక్కలు కోసి పెనం మీద ఎర్రగా కాల్చుకుని అల్లప్పచ్చడితో తినండి. అది మాత్రం అతిథులకి పెట్టకు, మీ ఇద్దరికే.