రాత్రి అప్‌గ్రేడ్ సగంలో ఆగిపోతుంటే

ప్రశ్నలు అడగొద్దని డెబియన్ ఫ్రంటెండ్ సెట్టింగ్‌లో నాన్‌ఇంటరాక్టివ్ అని పెట్టినా మీ మధురవాడ ఆఫీసు ఉబుంటు సర్వర్‌లో రాత్రి 2 గంటల క్రాన్ (టైముకు పనులు తానే నడిపే టూల్) అప్‌గ్రేడ్ ఆగిపోతోందంటే, చాలావరకు అడ్డుపడుతున్నది ప్యాకేజీల సెట్టింగ్ ప్రశ్నలు అడిగే డెబ్‌కాన్ఫ్ కాదు, ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే డీపీకేజీ. మీరు మార్చిన కాన్ఫిగ్ ఫైల్‌కి ప్యాకేజీ కొత్త వెర్షన్ తెచ్చింది. ఏది ఉంచాలో అడుగుతోంది, జవాబు చెప్పేవాళ్లు లేక ఎర్రర్‌తో ఆగుతోంది. డెబియన్ ఫ్రంటెండ్ సెట్టింగ్ ఈ ప్రశ్నకు పనిచేయదు. చాలామంది పొరబడేది ఇక్కడే.

1. సగంలో ఆగినదాన్ని ముందు డీపీకేజీ కాన్ఫిగర్ కమాండ్‌తో చేత్తో పూర్తి చేయండి.

2. అప్‌గ్రేడ్ నడిపే ఆప్ట్ టూల్ కాన్ఫిగ్ ఫోల్డర్‌లో చిన్న ఫైల్ పెట్టి, డీపీకేజీ ఆప్షన్లుగా ఫోర్స్-కాన్ఫ్‌డెఫ్ (డిఫాల్ట్ జవాబు ఉంటే అదే తీసుకో), ఫోర్స్-కాన్ఫ్‌ఓల్డ్ (లేకపోతే పాత ఫైలే ఉంచు) రెండూ రాయండి. మీ పాత ఫైల్ అలాగే ఉంటుంది. కొత్తది పక్కనే డీపీకేజీ-డిస్ట్ అనే తోకతో పడుతుంది, తీరిగ్గా పోల్చుకోవచ్చు. కొత్త ఫైల్‌నే పెట్టేసే కాన్ఫ్‌న్యూ జోలికి మాత్రం వెళ్లకండి. దానివల్ల ఒకసారి నా వెబ్ సర్వర్ సెట్టింగులన్నీ పోయి, దాన్ని సరిచేయడానికి తెల్లారకుండానే సిరిపురం పరిగెత్తాను.

3. డెబియన్ ఫ్రంటెండ్ వేరియబుల్‌ని కమాండ్‌లో సుడో (అడ్మిన్ హక్కులతో నడిపేది) తర్వాత రాయండి. ముందు ఎక్స్‌పోర్ట్ చేస్తే మామూలుగా సుడో దాన్ని లోపలికి రానివ్వదు.

4. ఉబుంటు 22.04లో చేత్తో అప్‌గ్రేడ్ చేస్తే, సర్వీసులు రీస్టార్ట్ చేయాలా అని నీడ్‌రీస్టార్ట్ టూల్ కూడా అడుగుతుంది. దాని కాన్ఫిగ్‌లో రీస్టార్ట్ విలువను ఆటోమేటిక్‌కి మార్చండి.