టెక్ సందేహాలు: నా సిస్టమ్‌లో నడిచే యాప్ సర్వర్‌లో ఎందుకు మొరాయిస్తోంది?

ఈ వారం మెయిళ్లలో డిప్లాయ్‌మెంట్ (యాప్‌ను సర్వర్‌లో పెట్టి నడిపించడం) కష్టాలే ఎక్కువ. ఒకరిది పైథాన్, ఒకరిది జావా, మరొకరిది డాట్‌నెట్. తీగ లాగితే డొంక మాత్రం ఒక్కటే. కోడ్ అడుగున సీ, సీ++లలో రాసిన నేటివ్ లైబ్రరీ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌కు తగ్గట్టు కంపైల్ చేసిన ఫైల్; లినక్స్‌లో ఎస్‌ఓ, విండోస్‌లో డీఎల్‌ఎల్) ఒకటి ఉంటుంది. దాన్ని సర్వర్‌కు చేర్చాలన్న సంగతే ఎవరికీ గుర్తుండదు.

ప్రశ్న: ఫ్లాస్క్ (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్)తో చేసిన వెబ్ యాప్ ఓపెన్‌సీవీ అనే ఇమేజ్ లైబ్రరీతో ఫొటోల సైజు సరిచేస్తుంది. ల్యాప్‌టాప్‌లో బాగానే నడుస్తోంది. డాకర్ కంటెయినర్‌లో (యాప్‌ను దానికి కావాల్సినవాటితో కలిపి విడిగా నడిపే పెట్టెలో) పెడితే ‘లిబ్‌జీఎల్.ఎస్‌ఓ.1: కెనాట్ ఓపెన్ షేర్డ్ ఆబ్జెక్ట్ ఫైల్’ అంటూ ఆగిపోతోంది. రిక్వైర్‌మెంట్స్ ఫైల్‌లో అన్నీ రాశాను. ఇంకేం కావాలి?

జవాబు: రిక్వైర్‌మెంట్స్ ఫైల్‌లో ఉండేవి పైథాన్ ప్యాకేజీలే. లిబ్‌జీఎల్ అనే గ్రాఫిక్స్ లైబ్రరీ పైథాన్‌ది కాదు, ఆపరేటింగ్ సిస్టమ్‌ది. పైథాన్ ప్యాకేజీలను దించే పిప్ దాన్ని తెచ్చిపెట్టదు. మీ ల్యాప్‌టాప్‌లో డెస్క్‌టాప్ ఉంది కాబట్టి అది ముందే ఉంది. కంటెయినర్‌కు మూసగా వాడే చిన్నసైజు ‘స్లిమ్’ ఇమేజ్‌లో అలాంటివేవీ ఉంచరు.

డాకర్‌ఫైల్‌లో (ఇమేజ్ తయారీ సూచనలుండే ఫైల్‌లో) ఏపీటీ కమాండ్‌తో లిబ్‌జీఎల్1 అనే లినక్స్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేస్తే ఆ ఎర్రర్ పోతుంది. నెట్‌లో పాత జవాబులు చూసి లిబ్‌జీఎల్1-మెసా-జీఎల్ఎక్స్ అని రాస్తే ఉబుంటు 24.04లో ఆ ప్యాకేజీ దొరకదు. నన్నడిగితే ఆ దారే వద్దు. సర్వర్‌లో మీరు విండోలు తెరవరు కదా! ఓపెన్‌సీవీ-పైథాన్ తీసేసి ఓపెన్‌సీవీ-పైథాన్-హెడ్‌లెస్ పెట్టుకోండి. రెండూ ఒకే సీవీ2 ఫోల్డర్‌లోకి వెళ్తాయి కాబట్టి పాతది తీయకుండా కొత్తది పెట్టొద్దు.

లోడర్ (ప్రోగ్రామ్‌కు కావాల్సిన లైబ్రరీలను తెరిచే లినక్స్ భాగం) మొదట దొరకని ఫైల్ దగ్గరే ఆగిపోతుంది. అది సరిచేశాక మరొకటి అడుగుతుంది, ఆ తర్వాత ఇంకొకటి. ఒక్కోదానికీ ఇమేజ్ మళ్లీ బిల్డ్ చేస్తూ కూర్చోకండి. కంటెయినర్ లోపలికెళ్లి సీవీ2 ఫోల్డర్‌లోని ఎస్‌ఓ ఫైల్ మీద ఎల్‌డీడీ కమాండ్ నడిపితే లేనివన్నీ ‘నాట్ ఫౌండ్’ అని ఒకేసారి కనిపిస్తాయి. ప్రోగ్రామ్ నడిచేటప్పుడు విడిగా తెరుచుకునే లైబ్రరీలు మాత్రం ఈ జాబితాలో రావు. ఎక్కడివో తెలియని ఫైళ్ల మీద ఎల్‌డీడీ వాడకండి. కొన్ని సందర్భాల్లో అది ఆ ఫైల్‌ను నడిపించేస్తుంది కూడా.

డాకర్ బిల్డ్‌ను రెండు దశలుగా (ముందు కంపైల్, తర్వాత నడవడానికి కావాల్సినవే ఉండే చివరి ఇమేజ్) చేసేవాళ్లు తరచూ తప్పటడుగు వేసేది మరోచోట. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డ్రైవర్ సైకోపీజీ2ను కంపైల్ చేయడానికి లిబ్‌పీక్యూ-డెవ్ కావాలి, నడవడానికి లిబ్‌పీక్యూ5 చాలు. మొదటి దశలో డెవ్ ప్యాకేజీ పెట్టి, చివరి ఇమేజ్‌లో లిబ్‌పీక్యూ5 మరిచిపోతే బిల్డ్ నిక్షేపంగా పూర్తవుతుంది, యాప్ మాత్రం లేవదు.

ప్రశ్న: టామ్‌క్యాట్ (జావా వెబ్ సర్వర్)లో మా వార్ ఫైల్ (వెబ్ యాప్ ప్యాకేజీ) ఒక జేఎన్‌ఐ (జావా నుంచి నేటివ్ కోడ్‌ను పిలిచే మార్గం) లైబ్రరీని వాడుతుంది. ఎస్‌ఓ ఫైల్‌ను వెబ్-ఇన్ఫ్/లిబ్‌లో పెడితే దొరకలేదు. జావా.లైబ్రరీ.పాత్ ఇచ్చాక నడిచింది. కానీ రీడిప్లాయ్ చేయగానే (సర్వర్ ఆపకుండా యాప్‌ను మళ్లీ పెట్టగానే) ‘ఆల్రెడీ లోడెడ్ ఇన్ అనదర్ క్లాస్‌లోడర్’ అంటోంది.

జవాబు: వెబ్-ఇన్ఫ్/లిబ్ ఉన్నది జార్‌ల (జావా క్లాసుల ప్యాకేజీల) కోసం. నేటివ్ లైబ్రరీని తెరిచే సిస్టమ్.లోడ్‌లైబ్రరీ అటు చూడదు. ఎస్‌ఓ ఫైల్‌ను వార్ బయట ఒక ఫోల్డర్‌లో ఉంచి, టామ్‌క్యాట్ సెట్టింగ్స్ స్క్రిప్ట్ సెట్‌ఎన్వ్.ఎస్‌హెచ్‌లో దారి చెప్పడమే సరైన పద్ధతి. అయితే జావా.లైబ్రరీ.పాత్ ఇస్తే డిఫాల్ట్ దారులు పోయి మీరిచ్చినవే మిగులుతాయి. పైగా ఆ దారి మీ లైబ్రరీ వరకే. దానికి కావాల్సిన ఇతర ఎస్‌ఓ ఫైళ్లను వెతికేది జావా కాదు, లినక్స్ లోడర్. వాటికి ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ ఇవ్వాలి, లేదా ఎల్‌డీకాన్ఫిగ్‌తో నమోదు చేయాలి. ఫైల్ కళ్లెదుటే ఉన్నా అన్‌శాటిస్‌ఫైడ్‌లింక్‌ఎర్రర్ వస్తోందంటే ముందు అనుమానించాల్సింది ఇదే.

ఇక రీడిప్లాయ్ సంగతి. ఒకే నేటివ్ లైబ్రరీని రెండు క్లాస్‌లోడర్లు (జావా క్లాసులను మెమరీలోకి తెచ్చేవి) లోడ్ చేయడాన్ని జేవీఎం (జావా ప్రోగ్రామ్‌లను నడిపేది) ఒప్పుకోదు. రీడిప్లాయ్ చేసినప్పుడు టామ్‌క్యాట్ మీ యాప్‌కు కొత్త క్లాస్‌లోడర్ ఇస్తుంది. పాతది గార్బేజ్ కలెక్షన్‌లో (వాడని మెమరీని ఖాళీ చేసే పనిలో) పోయేదాకా లైబ్రరీ దాని చేతిలోనే ఉంటుంది. ఆగకుండా మిగిలిపోయిన ఒక్క థ్రెడ్ చాలు, పాత లోడర్ ఎప్పటికీ పోదు.

లోడ్‌లైబ్రరీని పిలిచే క్లాసునూ నేటివ్ మెథడ్స్ ఉన్న క్లాసునూ ఒక చిన్న జార్‌గా చేసి టామ్‌క్యాట్ లిబ్ ఫోల్డర్‌లో పెట్టండి. రెండూ ఒకే లోడర్ కింద ఉండాలి, విడదీస్తే మెథడ్స్ దొరకవు. ఆ జార్ వార్‌లో మిగలకూడదు. వెబ్ యాప్ లోడర్ ముందు తన ఫోల్డర్‌లోనే చూసుకుంటుంది కాబట్టి అక్కడో కాపీ ఉంటే మళ్లీ అదే ఎర్రర్. బిల్డ్ టూల్ మావెన్‌లో దాని స్కోప్‌ను ప్రొవైడెడ్ అని మార్చండి. ఇదంతా తలనొప్పి అనిపిస్తే హాట్ రీడిప్లాయ్ మానేసి ప్రతిసారీ టామ్‌క్యాట్ రీస్టార్ట్ చేయండి. అందులో నామోషీ ఏమీ లేదు. అదే లైబ్రరీ వాడే రెండు యాప్‌లు ఒకే టామ్‌క్యాట్‌లో ఉంటే మాత్రం జార్ పద్ధతి తప్పదు.

ఎస్‌క్యూలైట్ జేడీబీసీ డేటాబేస్ డ్రైవర్ లాంటివి ఎస్‌ఓ ఫైల్‌ను జార్‌లోనే మోసుకొచ్చి టెంప్ ఫోల్డర్‌లోకి తీస్తాయి. సర్వర్‌లో టెంప్‌కు నోఎగ్జెక్ (అక్కడి ఫైళ్లను నడపనివ్వని సెట్టింగ్) పెట్టి ఉంటే అవీ ఆగిపోతాయి. టామ్‌క్యాట్‌లో అయితే కెటాలినా_టీఎంపీడిర్‌తో, మిగతాచోట్ల జావా.ఐఓ.టీఎంపీడిర్‌తో వేరే ఫోల్డర్ చూపించండి.

ప్రశ్న: డాట్‌నెట్ సైట్‌ను ఐఐఎస్ (విండోస్ వెబ్ సర్వర్)లో పెడితే బ్యాడ్‌ఇమేజ్‌ఫార్మాట్‌ఎక్సెప్షన్ వస్తోంది. డీఎల్‌ఎల్ పాడైందా?

జవాబు: చాలావరకు పాడవదు. 64 బిట్ ప్రాసెస్ 32 బిట్ డీఎల్‌ఎల్‌ను లోడ్ చేయబోయింది, లేదా అటుదిటు. అప్లికేషన్ పూల్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ‘ఎనేబుల్ 32-బిట్ అప్లికేషన్స్’ను మీ డీఎల్‌ఎల్‌కు తగ్గట్టు మార్చండి. ఆ తర్వాత డీఎల్‌ఎల్‌నాట్‌ఫౌండ్ వస్తే సర్వర్‌లో విజువల్ సీ++ రీడిస్ట్రిబ్యూటబుల్ (సీ++ ప్రోగ్రామ్‌లు నడవడానికి కావాల్సిన ఫైళ్ల ప్యాకేజీ) ఉందో లేదో చూడండి. డీఎల్‌ఎల్‌ను డీబగ్ బిల్డ్‌లో చేసి ఉంటే అది వీసీరన్‌టైమ్140డీ ఫైల్‌ను అడుగుతుంది. రీడిస్ట్రిబ్యూటబుల్‌లో అది ఉండదు. రిలీజ్ బిల్డ్ చేసి పంపండి.

ప్రశ్న: నోడ్ (జావాస్క్రిప్ట్) యాప్‌ను మ్యాక్ నుంచి లినక్స్ సర్వర్‌కు కాపీ చేస్తే ‘ఇన్‌వాలిడ్ ఈఎల్‌ఎఫ్ హెడర్’. మరో సర్వర్‌లో ‘జీలిబ్‌సీ_2.34 నాట్ ఫౌండ్’. రెండూ ఒకటేనా?

జవాబు: కాదు. మొదటిది ప్యాకేజీలుండే నోడ్_మాడ్యూల్స్ ఫోల్డర్‌తో పాటు మ్యాక్ బైనరీలను మోసుకెళ్లడం వల్ల వచ్చింది. ఆ ఫోల్డర్‌ను పంపకండి. ప్యాకేజ్-లాక్ ఫైల్ పంపి సర్వర్ మీదే ఎన్‌పీఎం సీఐ (ప్యాకేజీలను కొత్తగా ఇన్‌స్టాల్ చేసే కమాండ్) కొట్టండి. డాకర్ వాడుతుంటే నోడ్_మాడ్యూల్స్‌ను డాకర్‌ఇగ్నోర్‌లో చేర్చండి.

రెండోదానిలో బైనరీ లినక్స్‌దే, కాకపోతే కొత్త లినక్స్‌లో తయారైంది. జీలిబ్‌సీ అంటే లినక్స్ ప్రోగ్రామ్‌లు ఆధారపడే మూల సీ లైబ్రరీ. ఉబుంటు 22.04లో ఉన్నది జీలిబ్‌సీ 2.35, 20.04లో 2.31. పాతదాని మీద బిల్డ్ చేసినది కొత్తదానిలో సాధారణంగా నడుస్తుంది, కొత్తదాని మీద చేసినది పాతదానిలో నడుస్తుందన్న హామీ లేదు. కాబట్టి మీ సర్వర్లలో అన్నిటికన్నా పాత వెర్షన్ ఏదో చూసి దాని మీద బిల్డ్ చేయండి. సర్వర్‌లో జీలిబ్‌సీని చేత్తో మార్చే సాహసం మాత్రం వద్దు. ఎల్‌ఎస్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్ దాకా అన్నీ దాని మీదే నడుస్తాయి, తేడా వస్తే మళ్లీ లాగిన్ అవడం కూడా కుదరకపోవచ్చు.