కొత్త పదాలు కాదు, తెలిసిన పదాలకు జతలు నేర్చుకోండి

ప్రశ్న: డిగ్రీ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. ఇంగ్లిష్‌లో చదివింది అర్థమవుతుంది. రాయాల్సి వస్తే మాత్రం గుడ్, నైస్, వెరీ దగ్గరే ఆగిపోతాను. నాలుగు లైన్ల మెయిల్‌కి గంట పడుతోంది. రోజుకి ఇరవై కొత్త పదాలు బట్టీ పడుతున్నా, రాసేటప్పుడు ఒక్కటీ గుర్తురాదు. ఉద్యోగాలకు అప్లై చేయడానికి ఇంకా మూడు నెలలే ఉంది. టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ ఇరవై పదాల లిస్టు పక్కన పెట్టేయండి. చూడగానే గుర్తుపట్టే పదాలు వేరు, రాయబోతే చేతికందే పదాలు వేరు. మొదటి రకం మీ దగ్గర కావలసినన్ని ఉన్నాయి, లేకపోతే చదివింది అర్థమయ్యేదే కాదు. లాంగ్‌మన్ సంస్థ ఇంగ్లిష్ నేర్చుకునేవారి కోసం 1978లో తెచ్చిన డిక్షనరీలో వేల పదాల అర్థాలను సుమారు 2,000 తేలిక పదాలతోనే వివరించారు. డిక్షనరీకే అవి సరిపోతే ఒక మెయిల్‌కి మీకు తెలిసినవి చాలవా?

మీకు తెలియనిది ఏ పదం పక్కన ఏది కూర్చుంటుందన్నది. తెలుగులోనే చూడండి. తాళం వేస్తాం, ఓటు వేస్తాం, బొమ్మ వేస్తాం, అంచనా వేస్తాం. అన్నిటికీ ఒకటే వేయడం. ఇంగ్లిష్‌లో తాళానికి లాక్ ఒక్కటే చాలు, ఓటుకు కాస్ట్, బొమ్మకు డ్రా, అంచనాకు మేక్. ఎవరైనా 'ఓటు పెట్టాను' అంటే మనకు అర్థమవుతుంది కానీ చెవికి తేడాగా తగులుతుంది కదా, ఇదీ అంతే. టీకి స్ట్రాంగ్ అంటారు, వానకు హెవీ, గాలికి మళ్లీ స్ట్రాంగ్. దీనికి రూలేమీ లేదు, వాడుక. అందుకే పదాన్ని ఒంటరిగా నోట్సులో రాసుకోవద్దు. డెసిషన్ అని కాదు, మేక్ ఎ డెసిషన్ అని రాసుకోండి.

చెప్పడం దగ్గర కూడా ఇదే చిక్కు. సే, టెల్, ఎక్స్‌ప్లెయిన్ అన్నీ మన మనసులో ఒకటే కాబట్టి 'హి సెడ్ మీ', 'హి ఎక్స్‌ప్లెయిన్డ్ మీ' అని రాసేస్తాం. టెల్ తర్వాత మనిషి నేరుగా వస్తాడు: హి టోల్డ్ మీ. మిగతా రెండిటికీ మధ్యలో టు ఉండాలి. డిస్కస్ తర్వాత అబౌట్ అక్కర్లేదు.

ఇక అప్లికేషన్ సంగతి. 'ఐ డిడ్ ఎ వెరీ గుడ్ ప్రాజెక్ట్' అని రాసుకొచ్చేవాళ్లు చాలామంది. గ్రామర్ తప్పు లేదు, కానీ ఏం చేశారో తెలియదు. ఇంతకీ నువ్వు చేసిందేమిటమ్మా అని తెలుగులో అడిగితే, 'లైబ్రరీ పుస్తకాల లెక్క కోసం యాప్ తయారుచేశాను, ముప్పై మంది వాడారు' అని టకటకా చెప్పేస్తారు. అదే రాయండి: 'ఐ బిల్ట్ యాన్ యాప్ టు ట్రాక్ లైబ్రరీ బుక్స్. థర్టీ స్టూడెంట్స్ యూజ్డ్ ఇట్.' వెరీ, గుడ్ రెండూ వాటంతటవే రాలిపోయాయి చూడండి. మాట తట్టక ఆగిపోయినప్పుడల్లా ముందు ఆ విషయాన్ని తెలుగులో పైకి చెప్పుకోండి. ఎస్టీమ్డ్ ఆర్గనైజేషన్, కైండ్లీ డు ద నీడ్‌ఫుల్ లాంటివి పూర్తిగా వదిలేయండి. జవాబివ్వమని అడగడానికి రివర్ట్ ఎందుకు, రిప్లై ఉండగా?

సాధనకు నేను అందరికీ చెప్పేది అమెరికా రచయిత, శాస్త్రవేత్త బెంజమిన్ ఫ్రాంక్లిన్ కుర్రవాడిగా ఉన్నప్పుడు పాటించిన పద్ధతి. ఆయన బడికి వెళ్లింది రెండేళ్లే. నచ్చిన వ్యాసం తీసుకుని, ఒక్కో వాక్యం సారాన్ని పొడి మాటల్లో రాసుకుని, కొన్నాళ్లు పక్కన పెట్టేవాడు. తర్వాత అసలు వ్యాసం చూడకుండా మొత్తం తిరిగి రాసి, రెండూ పక్కపక్కన పెట్టి తన తప్పులు దిద్దుకునేవాడు. తన దగ్గర పదాలు తక్కువని అప్పుడు తెలిసొచ్చి, కొన్ని కథలను పద్యాలుగా మార్చి, మళ్లీ వచనంలోకి తెచ్చేవాడు.

మీకు పద్యాలు అక్కర్లేదు. ఏదైనా వార్తలోంచి ఐదారు లైన్ల పేరా చాలు. ఇవాళ పాయింట్లు రాసుకుని, రెండు రోజులాగి తిరిగి రాయండి. పోల్చినప్పుడు మీకు తట్టని జత ఒక్కటి, ఒక్కటే, నోట్సులోకి ఎక్కించండి. మర్నాడు మీ గురించి రాసే ఏదో ఒక వాక్యంలో దాన్ని వాడండి. రోజుకి అరగంట లోపు పని.

గ్రామర్ దిద్దే యాప్‌లు, ఏఐ వాడొచ్చు, కానీ మీరు రాశాకే. అది మార్చిన ప్రతి చోటా ఎందుకు మార్చిందో ఆగి చూడండి. అలా చూడకుండా కాపీ చేస్తే మెయిల్ బాగుంటుంది కానీ ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చోబెట్టి ఒక పేరా రాయమంటే మళ్లీ వెరీ, నైస్ దగ్గరికే వస్తారు.

ఈ రాత్రే మీ ప్రాజెక్ట్ గురించి ఎవరి సాయం లేకుండా ఒక పేజీ రాసి, పైన తేదీ వేసి దాచుకోండి. నెల తర్వాత అదే విషయం మళ్లీ రాసి, ఆ రెండు పేజీలూ నాకు పంపండి. తర్వాతి నెల దేని మీద పని చేయాలో వాటిని చూసి చెబుతాను.