దాక్కున్న గదిని చూసి రాయబోతున్న చెల్లెమ్మకు

చెల్లెమ్మా,

రెండో ప్రపంచ యుద్ధకాలంలో నెదర్లాండ్స్‌లో నాజీలకు చిక్కకుండా యూదులు తలదాచుకున్న ఇల్లొకటి గైడును పెట్టుకుని చూస్తానని, దాని మీద వ్యాసం రాస్తానని ఉత్తరంలో చెప్పావు. ముందుగా ఏర్పాట్ల మాట. ఇలాంటి వ్యాసాలు చాలావరకు కలం పట్టకముందే, ఆ ఏర్పాట్ల దగ్గరే చెడిపోతాయి.

ఆమ్‌స్టర్‌డామ్‌లో, డైరీ రాసిన యూదు బాలిక అన్నే ఫ్రాంక్ దాక్కున్న ప్రిన్సెన్‌గ్రాక్ట్ 263లో బయటి గైడ్లు లోపల వివరించడానికి వీల్లేదు. ఫొటోలూ తీయనివ్వరు. టికెట్లు ఆన్‌లైన్‌లోనే అమ్ముతారు. ప్రతి మంగళవారం ఆరు వారాల తర్వాతి తేదీలకు వదులుతారు, చూస్తుండగానే అయిపోతాయి. కాబట్టి ముందు టికెట్ తీసుకో, ఆ వేళను బట్టి గైడును మాట్లాడుకో. గైడుతో గడిపే సమయం లోపలికి వెళ్లే ముందు ఉండాలి. ఫ్రాంక్ కుటుంబం అంతకుముందు కాపురమున్న మెర్వెడెప్లేన్ చౌక్, శిబిరాలకు పంపే ముందు యూదులను పోగుచేసి ఉంచిన హోలాండ్సె స్కౌబుర్గ్ నాటకశాల, దానికెదురుగా పిల్లల్ని ఉంచిన శిశుసదనం ఉన్న చోటు చూపించమను. ఆ శిశుసదనం నుంచి దాదాపు 600 మంది పిల్లల్ని రహస్యంగా తప్పించారు. ఇవి చూశాక ఇంట్లోకి ఒంటరిగా వెళ్లు.

అయితే తొలి వ్యాసానికి నా సలహా హార్లెమ్. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి రైల్లో ఇరవై నిమిషాల లోపే. అక్కడ బార్టెల్యోరిస్‌స్ట్రాట్ 19లో కింద గడియారాల దుకాణం, పైన యూదులకు ఆశ్రయమిచ్చిన టెన్ బూమ్ కుటుంబం ఉన్న ఇల్లు. లోపల తిప్పి చూపేది మ్యూజియం వాళ్ల గైడే. నువ్వు డబ్బిచ్చి తెచ్చుకున్న గైడు అక్కడ నీలాగే ఒక సందర్శకుడు, కాబట్టి అతన్ని ఊరి వీధులకు మాత్రమే మాట్లాడుకో. మెట్లు ఇరుకు, నిటారు. చేతిలో బరువు ఉంచుకోకు.

హార్లెమ్ ఎందుకంటున్నానంటే, మనుషుల్ని దాచడం ఎలా జరిగిందో ఆ ఇంట్లో కళ్లకు కడుతుంది. పై అంతస్తులో ఆ ఇంటి కూతురు కోరీ టెన్ బూమ్ పడకగది వెనక గోడకు ముందు ఇంకో గోడ కట్టారు. రెండింటి మధ్య ఖాళీ సుమారు 75 సెంటీమీటర్లు, అంటే మూరన్నర కంటే కాస్త ఎక్కువ. చెక్కతో కడితే తట్టినప్పుడు డొల్ల శబ్దం వస్తుందని ఇటుకతో కట్టారు. ఆ ఇటుకలు సంచుల్లో, గడియారాల పెట్టెల్లో కొద్దికొద్దిగా ఇంట్లోకి చేరాయి. దుకాణానికి వచ్చేపోయే జనం ఎలాగూ ఉంటారు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. కొత్త గోడ పాతదిలా కనిపించేలా రంగు వేశారు. దారి బట్టల అల్మారాలో అన్నిటికంటే కింది అర వెనక జరిగే పలకలోంచి. నడుం వంచితే సరిపోదు, పాకాలి. ఇప్పుడు సందర్శకులు లోపలికి చూడటానికి గోడలో ఒక చోట రంధ్రం చేశారు. అది అప్పటిది కాదని వ్యాసంలో తప్పకుండా చెప్పు.

గది కట్టడంతో పని అయిపోలేదు. గంట మోగగానే అందరూ లోపలికి చేరడం సాధన చేశారు. మొదట్లో నిమిషాలు పట్టేది, చివరికి సుమారు 70 సెకన్లకు దించారు. ఎక్కడ దొరికిపోతామో కూడా ఆ సాధనలోనే తెలిసింది. బల్ల మీద మిగిలిన అదనపు కంచం, అప్పుడే లేచిన పరుపులో వెచ్చదనం. అందుకే పరుపు తిరగేసి మరీ వెళ్లేవారు. గైడును ఇలాంటివే అడుగు: నీళ్లెలా, గాలెలా, మలమూత్రాలకు ఏం చేశారు, రేషన్ కార్డులు ఎవరు తెచ్చారు? దాగినవాడికి తన పేరున కార్డు వాడుకునే దారి లేదు, కార్డు లేకుంటే రొట్టె లేదు. ప్రిన్సెన్‌గ్రాక్ట్‌లోనూ అంతే. 1944 మేలో కూరగాయల వ్యాపారిని అరెస్టు చేశాక లోపలున్న ఎనిమిది మందికి తిండి తగ్గిపోయింది. రాయాల్సింది ఈ సరఫరా గురించి. గది దాని చివరి కొస మాత్రమే.

గైడు చెప్పిందంతా రాసేయకు. నోట్‌బుక్‌లో పేజీని నిలువుగా రెండుగా మడిచి, ఒకవైపు కళ్లతో చూసింది, రెండోవైపు చెవిన పడింది రాసుకో. అన్నే కుటుంబాన్ని పట్టించిందెవరో తెలుసంటూ ఎవరైనా పేరు చెబితే ఆ పేరు రాయకు. ఇప్పటిదాకా ఎవరి మీదా రుజువు కాలేదు. 2022లో ఒక పేరు బయటపెట్టిన పుస్తకాన్ని విమర్శలు రావడంతో డచ్ ప్రచురణకర్త వెనక్కి తీసుకున్నాడు. హార్లెమ్‌లో సంగతి వేరు. అక్కడ సాయం కావాలంటూ వచ్చిన మనిషే సమాచారం ఇచ్చినవాడు.

ఇంకొకటి. కుటుంబమంతా ఒకేచోట రెండేళ్లు దాక్కోవడం అరుదు. చాలామంది విడివిడిగా, ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మారుతూ గడిపారు. ఆశ్రయమిచ్చిన వాళ్లలో ఉచితంగా ఇచ్చినవాళ్లూ ఉన్నారు, డబ్బు పుచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. 1943లో ఆమ్‌స్టర్‌డామ్‌లో యూదుల్ని పట్టి ఇచ్చినందుకు తలకు 7.50 గిల్డర్లు (అప్పటి డచ్ డబ్బు) చెల్లించారు. దేశంలోని సుమారు 1,40,000 మంది యూదుల్లో లక్షకు పైగా హతులయ్యారు. ఈ సంఖ్య ముందు పెట్టకుండా ఒక ఇంటి కథ చెబితే, దాక్కుంటే బతికేవాళ్లన్న అబద్ధం చదివేవాళ్ల మనసులో నాటుకుంటుంది.

‘గోడలు ఏడుస్తున్నట్టు అనిపించింది’ లాంటి వాక్యం వస్తే కొట్టేయి. నీ కన్నీళ్లకు అక్కడ చోటు లేదని కాదు. పరుపు తిరగేసిన సంగతి సరిగ్గా చెబితే పాఠకుడికి అవే వస్తాయి.

1944 ఫిబ్రవరి 28న హార్లెమ్ ఇంట్లో సోదా జరిగినప్పుడు ఆ గోడ వెనక ఆరుగురున్నారు, నలుగురు యూదులు, ఇద్దరు ప్రతిఘటన ఉద్యమకారులు. రెండు రోజులదాకా కదలకుండా ఉండి, దొరక్కుండా బయటపడ్డారు. ఇంటి పెద్ద కాస్పర్‌ను 84 ఏళ్ల వయసులో తీసుకెళ్లారు, పదిరోజులకు నిర్బంధంలో చనిపోయాడు. కూతురు బెట్సీ ఆ డిసెంబర్‌లో రావెన్స్‌బ్రూక్ శిబిరంలో పోయింది. ఈ రెండు మరణాలనూ వ్యాసం చివర కొసమెరుపుగా వాడొద్దమ్మా, మధ్యలోనే రాసి ముందుకు సాగు.

చిత్తుప్రతి అయ్యాక పంపు. ప్రతి అంకె కింద గీత గీసి, అది ఎక్కడిదో పక్కన రాసి పంపు.

మీ అన్నయ్య