కర్టెన్‌లో రేడియో యాంటెన్నా నేయించవచ్చా, జరీ పనికొస్తుందా? మా ఇంటి అనుభవం

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: హైదరాబాదులో మూడో అంతస్తు ఫ్లాటు, రేడియో పెడితే గరగర తప్ప మాట వినిపించడం లేదు, బయట యాంటెన్నా బిగించడానికి అపార్టుమెంటు సంఘం ఒప్పుకోవడం లేదు. అందుకని కర్టెన్‌లోనో గోడకు తగిలించే అలంకరణ గుడ్డలోనో యాంటెన్నాను కలిపేయవచ్చా, జరీ దారం సరిపోతుందా అని అడిగారు.

కలిపేయవచ్చు. జరీ కూడా సరిపోతుంది. కాకపోతే ప్రతి జరీ సరిపోదు, ప్రతి స్టేషనుకూ సరిపోదు. మా ఇంట్లో ఇలాంటివి రెండు ఉన్నాయి. ఒకటి ఎఫ్‌ఎం కోసం కర్టెన్, రెండోది మీడియం వేవ్ కోసం తలుపుకు తగిలించిన గుడ్డ. రెండూ రోజూ పనిచేస్తున్నాయి. నేను మల్కాజిగిరిలో ఇంటి దగ్గరే మగ్గం వర్క్ చేస్తాను, కర్టెన్లు కుడతాను. మా నాన్నగారు టెలిఫోన్ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. చూపు తగ్గాక ఆయనకు పేపరైనా, పుస్తకమైనా, కాలక్షేపమైనా రేడియోనే. అది వినిపించని రోజు ఆయన అన్నం కూడా సరిగ్గా తినరు. అందుకే ఈ పనిలో దిగాను.

మొదట నేను చేసిన పొరపాటు చెబుతాను, మీరు చేయకండి. బంగారు రంగులో మెరిసే జరీ లేసు మీటర్ల లెక్కన కొని, కర్టెన్ అంచుల పొడవునా కుట్టి, దాని కొసను రేడియో కడ్డీకి కట్టాను. రెండు రోజుల పని. రేడియోలో ఆవగింజంత మార్పు కూడా రాలేదు. నాన్న లేసును వేళ్లతో తడిమి చూసి, కరెంటు పారుతుందో లేదో చూపే మల్టీమీటరు తీసుకురమ్మన్నారు. లేసు మీద రెండు మొనలూ అంగుళం దూరంలో పెట్టాం, అర అంగుళం దూరంలో పెట్టాం. మీటరు కదలలేదు. ఇప్పుడు బజారులో దొరికే జరీలో చాలా భాగం పాలిస్టర్ పొర. దాని మీద కంటికి మెరుపు తెలిసేంత పలచగా అల్యూమినియం పూత వేసి, పైన రంగు లక్క పూస్తారు. కరెంటుకు అది ప్లాస్టిక్ రిబ్బనుతో సమానం.

ఆ సాయంత్రం నాన్న అటక మీది పాత సామాను పెట్టె దింపించి, అందులోంచి పాత టెలిఫోను రిసీవరుకు ఉండే మెలికల తీగ తీసి కత్తిరించారు. పైతొడుగు ఒలిచి లోపలి పోగును నా అరచేతిలో పెట్టారు. సన్నని దారం, దాని చుట్టూ వెంట్రుక కన్నా పలచని రాగి రేకు దగ్గర దగ్గరగా చుట్టి ఉంది. నేను ఇరవై ఏళ్లుగా చేతిలో పట్టుకుని కుడుతున్న వస్తువే అది. "నాన్నా, ఇది సరిగ కదా!" అన్నాను. "రోజుకు వందసార్లు లాగి వదిలినా తెగకూడదని అలా చేస్తారమ్మా. ఉత్త రాగి తీగ అయితే నెలకే విరిగిపోతుంది" అన్నారు. అసలైన జరీ తయారీ కూడా అంతే. పట్టు దారం చుట్టూ వెండి రేకు చుట్టి, దానికి బంగారు పూత వేస్తారు. కొంచెం తక్కువ రకంలో వెండి పూత వేసిన రాగి రేకు ఉంటుంది. ఈ రెండూ కరెంటును చక్కగా మోస్తాయి. మన పట్టుచీరల అంచుల్లో ఇంత చక్కని తీగ ఉందని అన్నేళ్లూ నాకు తోచనందుకు ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉంటుంది.

మీ దగ్గర పాత పట్టుచీర ఉంటే అంచును మీటరుతో చూడండి. మీటరు లేకపోతే, చిరిగిన చోట ఒక పోగు లాగి గోటితో గీకండి. లోపల ఎర్రటి పట్టు దారం కనిపిస్తే అసలు జరీ అయ్యే అవకాశం ఎక్కువ. కానీ మీటరే నమ్మకమైన సాక్షి. మా అత్తగారి పెళ్లి చీర మడతల దగ్గర పూర్తిగా చిరిగిపోయింది, ఆవిడే ఇచ్చారు. దాని అంచులో ఒక్క పోగు నిరోధాన్ని (కరెంటుకు కలిగే అడ్డును, ఎంత తక్కువైతే అంత మంచిది) కొలిస్తే మీటరు పొడవుకు పది ఓమ్‌ల చుట్టుపక్కల చూపించింది. అంచు పట్టీ మొత్తం కలిపి కొలిస్తే ఒక ఓమ్ కూడా లేదు, ఎందుకంటే పదుల కొద్దీ పోగులు పక్కపక్కనే ఆనుకుని నడుస్తాయి. చీర అంచులో జరీ పడుగులో (పొడవునా సాగే దారాల్లో) ఉంటుంది కాబట్టి ఈ కొస నుంచి ఆ కొస దాకా తెగకుండా వస్తుంది. ఒంటి మీద బుటాలు, కొంగు మీది పూలు అలా కావు, అక్కడ అది ముక్కలు ముక్కలు. మగ్గం వర్కులో వాడే స్ప్రింగు లాంటి జర్దోసి కూడా పూసల్లా చిన్న ముక్కలు కోసి కుడతాం కాబట్టి దానికీ కొనసాగింపు ఉండదు. ఎంత మెరిసినా యాంటెన్నాకు పనికిరాదు.

ఇక ఎఫ్‌ఎం కర్టెన్. హైదరాబాదు వివిధభారతి 102.8 మెగాహెర్ట్జ్, రెయిన్‌బో 101.9. ఈ తరంగాల పొడవు దాదాపు 2.9 మీటర్లు. యాంటెన్నా పొడవు అందులో సగం ఉండాలి, దాని మీద ఐదు శాతం తగ్గించుకుంటే దాదాపు 1.4 మీటర్లు. అంటే ఒక్కొక్కటి 70 సెంటీమీటర్ల పట్టీలు రెండు, ఒకదాని కింద ఒకటి నిలువుగా, మధ్యలో రెండు సెంటీమీటర్ల ఖాళీ. ఏడడుగుల తలుపు కర్టెన్‌లో ఇది హాయిగా పడుతుంది, ఐదడుగుల కిటికీ కర్టెన్‌లో సరిగ్గా సరిపోతుంది. ఆ ఖాళీ దగ్గర కేబుల్ టీవీ వైరు కలపాలి. మధ్య తీగ పై పట్టీకి, చుట్టూ ఉండే అల్లిక కింది పట్టీకి. ఇలాంటి యాంటెన్నా నిరోధం 73 ఓమ్‌ల దగ్గర ఉంటుంది, టీవీ వైరుది 75. కాబట్టి మధ్యలో ఇంకేమీ పెట్టనక్కరలేదు. వైరును మాత్రం పట్టీ వెంట కిందికి దించకుండా, కనీసం రెండడుగులు అడ్డంగా గోడ వైపు తీసుకెళ్లండి. అవతలి కొసన మధ్య తీగను రేడియో కడ్డీకి మొసలి క్లిప్పుతో పట్టించాను, అల్లికను ఇయర్‌ఫోను సాకెట్టు బయటి లోహానికి కలిపాను.

నిలువుగానే ఎందుకంటే, కర్టెన్ మడతలు నిలువుగా పడతాయి. పడుగు వెంట ఉన్న పట్టీ మడతలోనూ తిన్నగానే ఉంటుంది. పేక వెంట అడ్డంగా పెడితే, కర్టెన్ పక్కకు జరిపిన ప్రతిసారీ అది పాములా మెలికలు పడి పొడవు పోగొట్టుకుంటుంది.

ఎక్కడ వేలాడదీయాలి అన్నది నేను దారం కన్నా పెద్ద విషయం అంటాను. నేను మొదట పడకగది కిటికీకి వేశాను. ఆ కిటికీకి నిలువు ఇనుప ఊచలు, వాటి వెనక స్టీలు దోమల జాలీ. సిగ్నలు లోపలికి రావలసిన దారినే మనం లోహంతో మూసేశామన్నమాట. అదే కర్టెన్‌ను హాలులో బాల్కనీ తలుపుకు మార్చాను. అక్కడ అద్దం, ఫైబర్ జాలీ. వైరు కలపగానే గరగర పోయింది. పాట వెనక తంబురా శ్రుతి కూడా విడిగా వినిపించింది. నాన్న ఏమీ అనలేదు, కుర్చీ కర్టెన్ దగ్గరకు జరుపుకున్నారు. కాబట్టి మీరు గుడ్డ కోయడానికి ముందే మామూలు తీగ ముక్కలు రెండు టేపుతో అతికించి, ఇంట్లో నాలుగు చోట్లా పెట్టి వినండి. ఒక్క గంట పని, కానీ తర్వాతి శ్రమంతా దాని మీదే ఆధారపడి ఉంది.

జరీకి టంకం వేయాలని చూడకండి. వేడి తగలగానే లోపలి పట్టు కాలి, రేకు విడిపోతుంది. నేను పట్టీ కొసను ఒక అంగుళం వెనక్కి మడిచి, దాని మీద గుద్ది బిగించే ఇత్తడి టిచ్ బటన్ వేశాను. బటన్ రెండో సగానికి వైరును టంకం వేశాను. దీనితో రెండు పనులు జరిగాయి. లోహానికి లోహం గట్టిగా పట్టుకుంది, కర్టెన్ ఉతకాలంటే బటన్ విప్పితే చాలు. మూడు నాలుగు నెలలకొకసారి బటన్లను పొడిగుడ్డతో తుడవండి. చేత్తో ఉతకండి, పిండవద్దు. పాత పట్టీ కాబట్టి నేను దాన్ని కర్టెన్ లోపలి వైపు పెట్టి, పైన కాటన్ గుడ్డ కప్పి కుట్టాను. బయటికి సన్నని గీతలా కనిపిస్తుంది, అంతే.

మగ్గం మీద కొత్తగా నేయించడం గురించి పోచంపల్లిలో ఒక నేత పెద్దాయనను అడిగాను. "జరీ అయితే అంచు పడుగులో ఎలాగూ వేస్తాం తల్లీ. రాగి తీగ వేయమంటే కష్టం. పట్టు సాగుతుంది, తీగ సాగదు. అచ్చు కొట్టిన ప్రతిసారీ అది వదులై పైకి లేస్తుంది, లేదా తెగుతుంది" అన్నారు. ఆయన మాట మీకూ చెబుతున్నాను: నేయిస్తే అసలు జరీతోనే నేయించండి, తీగ వాడవలసి వస్తే గుడ్డ మీద పెట్టి కుట్టండి.

తీగ వాడవలసిన చోటు మీడియం వేవ్. నాన్నకు ప్రాణం 738 కిలోహెర్ట్జ్ మీద వచ్చే హైదరాబాద్ 'ఎ' కేంద్రం. దాని తరంగం 400 మీటర్ల పైమాటే, కర్టెన్‌లో సగం పొడవూ పావు పొడవూ కుదరవు. దానికి చుట్టు యాంటెన్నా కావాలి. ముతక ఖద్దరు గుడ్డ మీద 60 సెంటీమీటర్ల చదరం గీసి, లోపలికి ఆరేసి మిల్లీమీటర్ల ఎడంతో పది చుట్లు. మొత్తం దాదాపు 22 మీటర్లు. ఇక్కడ జరీ ఎందుకు పనికిరాదో నాన్న లెక్క వేసి చెప్పారు. 100 మెగాహెర్ట్జ్ దగ్గర కరెంటు లోహం పైపైన, ఆరు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చిల్లర లోతులోనే ఎక్కువగా నడుస్తుంది, అందుకే పలచని రేకు అంతగా నష్టం చేయదు. 738 కిలోహెర్ట్జ్ దగ్గర ఆ లోతు 77 మైక్రాన్ల దాకా పోతుంది, అంత మందం జరీ రేకులో లేదు. పైగా ఒంటి పోగుతో 22 మీటర్లంటే రెండు వందల ఓమ్‌లు దాటుతుంది. 26 గేజి రాగి తీగతో అదే పొడవు రెండు మూడు ఓమ్‌లు. నిరోధం పెరిగితే ఈ చుట్టు ఒక స్టేషనును మిగతా వాటి నుంచి వేరు చేసి పట్టుకోలేదు.

కాబట్టి మోటారు వైండింగ్ దుకాణంలో 26 గేజి ఎనామిల్ తీగ తెచ్చాను. గుడ్డను కార్చోబు (మగ్గం వర్కు చెక్క చట్రం) మీద బిగించి, తీగను గీత మీద పరిచి, దాని మీదుగా ఎర్ర నూలుతో సెంటీమీటరుకొక కుట్టు వేశాను. మూలల దగ్గర తీగను మడవకుండా కొంచెం గుండ్రంగా తిప్పాలి, లేకపోతే ఎనామిల్ లేచిపోతుంది. నడుమ ఖాళీలో పద్మం ముగ్గు కుట్టాను. రెండు కొసలనూ పాత వాల్వు రేడియోలోంచి తీసిన 500 పికోఫారడ్ గ్యాంగ్ కండెన్సరుకు (స్టేషను మార్చడానికి తిప్పే భాగానికి) కలిపాం. రేడియోకు దీనికీ వైరే లేదు. చిన్న ట్రాన్సిస్టరును పద్మానికి దగ్గరగా బల్ల మీద పెట్టి, గ్యాంగ్ మెల్లగా తిప్పితే ఒక చోట మాట ఒక్కసారిగా ముందుకు వస్తుంది. ఆ క్షణం కోసం నాన్న ఇప్పటికీ రోజూ ఒకసారి కావాలని తప్పించి, మళ్లీ తిప్పుకుంటారు.

ఈ చుట్టుకు దిశ ఉంటుంది. అంచు స్టేషను వైపు ఉంటే బాగా పడుతుంది, ముఖం ఎటు తిరిగి ఉందో అటు నుంచి వచ్చేది బాగా తగ్గిపోతుంది. గోడకు మేకు కొట్టి తగిలిస్తే తిప్పే వీలు లేదు. అందుకే దాన్ని కర్ర తలుపు వెనక తగిలించాను. తలుపు ఎంత తెరిస్తే చుట్టు అంత తిరుగుతుంది. పక్క ఫ్లాటు ఎల్‌ఈడీ దీపాల బుర్రుమనే రొద సాయంత్రం ఆరు తర్వాత మొదలవుతుంది. అప్పుడు తలుపును మూడొంతులు తెరిచి, కింద చెక్క ముక్క పెడతాం. రొద అడుక్కి పోతుంది, వార్తలు నిలుస్తాయి. ఇనుప తలుపుకు మాత్రం ఇది తగిలించవద్దు.

వెండి పూసిన నైలాన్ దారం, స్టీలు దారం అని కరెంటు మోసే కుట్టుదారాలు ఆన్‌లైన్లో దొరుకుతాయి. నేను తెప్పించినది మీటరుకు యాభై ఓమ్‌లకు పైగా చూపించింది. ఎఫ్‌ఎం వరకు కొంత పనిచేసింది, జరీ పట్టీ అంత కాదు. పరిశోధకులు వాడే దారం వేరు. అమెరికాలో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం వారు 2016లో కుట్టుమిషనుతో 0.1 మిల్లీమీటరు కచ్చితత్వంతో యాంటెన్నాలు ఎంబ్రాయిడరీ చేసి చూపించారు. వాళ్ల దారంలో ఒక్కొక్క పోగు రాగి, పైన వెండి.

ఇదంతా వినడానికే. ఇలాంటి గుడ్డలతో ప్రసారం చేయాలనుకుంటే లైసెన్సు లేకుండా చట్టం ఒప్పుకోదు. హామ్ (సరదాగా సొంతంగా నడిపే అమెచ్యూర్ రేడియో) పరీక్ష రాయాలన్న ఆసక్తి ఉంటే సోమాజిగూడలోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ మన ఊళ్లోనే ఉంది. ఇంకొకటి: ఉరుముల వానలో కర్టెన్‌ను బాల్కనీ బయటికి వేలాడనీయకండి, పట్టీని కరెంటు బోర్డులకు దూరంగా ఉంచండి.

మీ అమ్మమ్మగారి చీర ఉందని రాశారు. అది చిరగకుండా ఉంటే దయచేసి కోయకండి, చిరిగిన చీరల అంచులు పాత జరీ కొనేవారి దగ్గర విడిగా దొరుకుతాయి. ముందు అంచును మీటరు పొడవు మీద కొలిచి ఎన్ని ఓమ్‌లు వచ్చిందో, మీ కిటికీ జాలీ స్టీలుదో ఫైబర్‌దో, మీరు వినాలనుకుంటున్నది ఏ స్టేషనో ఇక్కడే రాయండి. కొలతలు నేను లెక్క వేసి చెబుతాను, తప్పులుంటే నాన్న సరిచేస్తారు.